గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో అకౌంటెన్సీ ప్రవేశ పరీక్ష

చార్టర్డ్ అకౌంటెంట్, కాస్ట్ అకౌంటెంట్ వంటి వృత్తుల్లోకి వెళ్లదలచిన విద్యార్థి ఇంటర్మీడియట్ పూర్తి చేసిన వెంటనే రాసే అర్హత పరీక్షను అకౌంటెన్సీ ప్రవేశ పరీక్ష అంటారు. ఒక ప్రశ్న కింద నాలుగు జవాబులిచ్చి సరైనదాన్ని గుర్తించమనే బహుళైచ్ఛిక పద్ధతి ఈ పరీక్షల్లో కొన్నింటికి పూర్తిగా, కొన్నింటికి సగం మేరకు ఆధారంగా ఉంది. తెలుగు విద్యార్థులు ఇలాంటి ప్రశ్నలను బిట్లు అంటారు. దేశంలో ఈ పరీక్షలకు శిక్షణ విస్తారంగా సాగే పట్టణాల్లో గుంటూరు ఒకటి. పత్తి, మిర్చి, పొగాకు పండే నల్లరేగడి పల్లెల నుంచి, ఒంగోలు, చీరాల, నరసరావుపేట, చిలకలూరిపేట వంటి వర్తక పట్టణాల నుంచి వచ్చిన పిల్లలు అక్కడి హాస్టళ్లలో ఉండి చదువుకుంటారు. ఈ వ్యాసంలో గుంటూరు, ప్రకాశం అన్నచోటల్లా 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనకు ముందున్న ఉమ్మడి జిల్లాలనే గ్రహించాలి. ఆ విభజనతో నరసరావుపేట పల్నాడు జిల్లాకు కేంద్రం కాగా, బాపట్ల మరో జిల్లా అయింది.

వర్తకం, లెక్కలు

ఈ ప్రాంతంలో లెక్కల చదువుకు గిరాకీ ఏర్పడటానికి మూలం ఇక్కడి పంటల స్వభావంలోనే ఉంది. పత్తి, మిర్చి, పొగాకు మూడూ ఇంటి తిండికి కాక అమ్మకానికి పండించే పంటలు కావడం వల్ల, విత్తనం వేసిన నాటి నుంచి సొమ్ము చేతికందే దాకా రైతు వ్యవహారమంతా అప్పు, వడ్డీ, కమీషన్, తూకం అనే నాలుగు మాటల చుట్టూ తిరుగుతుంది. ఆసియాలో పెద్ద మిర్చి మార్కెట్‌గా పేరొందిన యార్డు గుంటూరులో ఉంది. 1975 నాటి చట్టం కింద ఏర్పడి 1976 జనవరి 1 నుంచి పనిచేస్తున్న పొగాకు బోర్డుకు ప్రధాన కార్యాలయం ఉన్నది కూడా ఈ నగరంలోనే. వీటికి జిన్నింగు మిల్లులు, నూలు మిల్లులు, మిర్చి నిల్వచేసే కోల్డ్ స్టోరేజీలు, ఒంగోలు దగ్గరి చీమకుర్తి గ్రానైటు క్వారీలు, చీరాల వస్త్ర వ్యాపారం తోడైనప్పుడు, పద్దులు రాసే మనిషి లేకుండా ఏ కొట్టూ నడవని పరిస్థితి సహజంగా ఏర్పడుతుంది.

మిర్చి యార్డులో సరుకు అమ్ముడుపోయిన తరవాత కమీషన్ ఏజెంటు రైతుకు రాసిచ్చే పట్టీని పరిశీలిస్తే అకౌంటెన్సీ ప్రాథమిక సూత్రాలు చాలావరకు అందులోనే కనిపిస్తాయి. టిక్కీలు అని పిలిచే బస్తాల సంఖ్య, మొత్తం తూకం, క్వింటాలు ధర, స్థూల విలువ పై వరసల్లో ఉండగా, అందులోంచి కోసుకున్న కమీషన్, హమాలీ ఖర్చులు, సాగు కాలంలో ఇచ్చిన బాకీ, దాని మీద వడ్డీ కింది వరసల్లో ఉంటాయి. చివర మిగిలినదే రైతు చేతికి వచ్చే మొత్తం. ఒకరి సరుకును మరొకరు యజమాని తరఫున అమ్మి, ఖర్చులూ కమీషనూ మినహాయించుకుని లెక్క అప్పగించే ఈ ఏర్పాటునే పాఠ్యపుస్తకాలు కన్‌సైన్‌మెంట్ ఖాతా అన్న పేరుతో బోధిస్తాయి. యార్డు గుమాస్తా ఇంట్లో పుట్టిన విద్యార్థికి ఈ అధ్యాయం కొత్తది కాదు, అయితే దాన్ని ఇంగ్లీషు పదాల్లో, నాలుగు జవాబుల మధ్య గుర్తుపట్టవలసి రావడం మాత్రం కొత్తదే.

2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చాక ఈ గిరాకీ మరింత పెరిగింది. అంతకుముందు ఏడాదికోసారి లెక్కలు తేల్చుకున్న చిన్న వ్యాపారి కూడా నియమిత గడువుల్లో రిటర్నులు దాఖలు చేయవలసి రావడంతో, చిట్టా, ఆవర్జా రాయగలిగిన గుమాస్తాతో పాటు చట్టం తెలిసిన అకౌంటెంటు కూడా అవసరమయ్యాడు.

పరీక్ష పరిణామం

బ్రిటిషు పాలనలో బొంబాయి ప్రభుత్వం 1918లో ప్రవేశపెట్టిన ప్రభుత్వ అకౌంటెన్సీ డిప్లొమా, 1932 నాటి ఆడిటర్ల ధ్రువపత్ర నియమాలు ఈ వృత్తికి తొలి మెట్లు. స్వాతంత్ర్యం వచ్చాక పార్లమెంటు చేసిన చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం 1949 జూలై 1న అమలులోకి వచ్చి, దాని కింద భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ, అంటే ఐసీఏఐ, ఢిల్లీ కేంద్రంగా ఏర్పడింది. ఆ సంస్థకు తొలి అధ్యక్షుడు జి.పి. కపాడియా. దక్షిణ భారత ప్రాంతీయ మండలి చెన్నైలో ఉండగా, దాని శాఖల్లో ఒకటి గుంటూరులో పనిచేస్తోంది.

ప్రవేశ దశలోని పరీక్ష పలుమార్లు పేరూ రూపమూ మార్చుకుంది. ఫౌండేషన్ పరీక్షను తీసివేసి 2001లో ప్రొఫెషనల్ ఎడ్యుకేషన్ మొదటి దశను తెచ్చారు. దాని స్థానంలో 2006లో కామన్ ప్రొఫిషియెన్సీ టెస్ట్, అంటే సీపీటీ, వచ్చింది. పూర్తిగా బిట్లతో నడిచిన తొలి సీఏ ప్రవేశ పరీక్ష ఇదే కావడంతో గుంటూరు శిక్షణ విధానం మీద దీని ముద్ర అన్నిటికన్నా లోతుగా పడింది. రెండు వందల మార్కులకు రెండు వందల బిట్లు, అందులో అకౌంటింగు అరవై, వాణిజ్య చట్టాలు నలభై, అర్థశాస్త్రం యాభై, గణితాత్మక ప్రజ్ఞ యాభై చొప్పున ఉండేవి. ఉదయం రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు సాగే ఈ పరీక్షలో జవాబులను ఓఎంఆర్ పత్రంలోని వృత్తాలను పెన్సిలుతో నింపి గుర్తించేవారు. ఓఎంఆర్ అంటే నింపిన గుర్తును కాంతి సాయంతో యంత్రం చదివే పద్ధతి. తప్పు జవాబుకు పావు మార్కు కోత పడేది.

2017 జూలైలో సీపీటీ స్థానంలో ఫౌండేషన్ కోర్సును తిరిగి ప్రవేశపెట్టి 2018 మేలో తొలి పరీక్ష జరిపారు. నాలుగు పేపర్లలో అకౌంటింగు, చట్టాలు రాతపూర్వక సమాధానాల పేపర్లుగా మారగా, గణితం, అర్థశాస్త్రం పావు మార్కు కోతతో బిట్ల పేపర్లుగానే మిగిలాయి. 2023 జూలైలో ప్రకటించిన కొత్త పథకం ఇదే విభజనను నిలబెట్టుకుంది. దాని ప్రకారం తొలి పరీక్ష 2024 జూన్‌లో జరిగింది. నాలుగు పేపర్లూ వందేసి మార్కులకు ఉంటాయి. ఉత్తీర్ణతకు ప్రతి పేపరులో నలభై శాతం, మొత్తం మీద యాభై శాతం రావాలి. జవాబుల్లో ఏదో ఒకటి గుర్తించడంతో సరిపెట్టకుండా పద్దు వేసి చూపించమనీ, చట్టాన్ని వివరించి రాయమనీ అడిగే 2017 నాటి మార్పు మంచిదే. సీపీటీ కాలంలో జర్నల్ పద్దు ఒక్కటీ చేత్తో రాయకుండానే ప్రవేశ దశ దాటి, తరవాతి దశలో తెల్లకాగితం ముందు తడబడిన విద్యార్థులు తక్కువేమీ కారు.

ఉత్తీర్ణత శాతం ఒక విడతకూ మరో విడతకూ ఎంత మారుతుందో ఇటీవలి ఫలితాలు చూపుతాయి. 2023 డిసెంబరు, 2024 జనవరి నెలల్లో జరిగిన విడతలో అది 29.99 శాతం కాగా, ఆ వెంటనే కొత్త పథకంలో జరిగిన 2024 జూన్ విడతలో 14.96 శాతానికి పడిపోయింది.

గుంటూరు శిక్షణ సంప్రదాయం

1885లో ఏర్పడిన ఆంధ్ర క్రైస్తవ కళాశాల నుంచి 1968 నాటి జాగర్లమూడి కుప్పుస్వామి చౌదరి కళాశాల వరకు గుంటూరుకు చదువుల పట్టణమన్న పేరు తెచ్చిన సంస్థలు అనేకం ఉన్నాయి. 1976లో నంబూరు దగ్గర ఏర్పడిన నాగార్జున విశ్వవిద్యాలయంతో ఈ రెండు జిల్లాల కామర్స్ డిగ్రీ చదువుకు స్థానికంగా ఒక కేంద్రం దొరికింది. లావు రత్తయ్య స్థాపించిన విజ్ఞాన్ వంటి సంస్థలు ఇంజినీరింగు, వైద్య ప్రవేశ పరీక్షల కోసం తీర్చిదిద్దిన నమూనా ఒకటుంది: ఇంటర్మీడియట్ చదువు, పోటీపరీక్ష శిక్షణ, హాస్టలు, వారం వారం పరీక్షలు అన్నీ ఒకే చూరు కింద. అకౌంటెన్సీ శిక్షణ కూడా ఈ నమూనానే అనుసరించింది. గుంటూరు కేంద్రంగా ఎదిగిన మాస్టర్‌మైండ్స్ ఈ రంగంలో రాష్ట్రమంతటా తెలిసిన పేరు. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో లైను అంకె, అడ్డరోడ్డు అంకె కలిపి చెప్పుకునే వీధుల్లో ట్యుటోరియళ్లు, పుస్తకాల కొట్లు, మెస్సులు ఒకదాన్నానుకుని ఒకటి వెలిశాయి.

విద్యార్థులు ఎక్కువగా ఇంటర్మీడియట్‌లో గణితం, అర్థశాస్త్రం, వాణిజ్యశాస్త్రం ఉండే ఎంఈసీ గ్రూపు నుంచి, కొంత తక్కువగా పౌరశాస్త్రం, అర్థశాస్త్రం, వాణిజ్యశాస్త్రం ఉండే సీఈసీ గ్రూపు నుంచి వస్తారు. సీఈసీ విద్యార్థికి పదో తరగతి తరవాత గణితంతో సంబంధం తెగిపోవడం వల్ల ఫౌండేషన్ మూడో పేపరు పెద్ద గండంగా పరిణమిస్తుంది. ఆ పేపరులో వ్యాపార గణితానికి నలభై, తార్కిక వివేచనకు ఇరవై, సాంఖ్యక శాస్త్రానికి నలభై మార్కులు కేటాయించారు.

సన్నద్ధతకు కావలసిన మూల గ్రంథాలను ఐసీఏఐ స్వయంగా ప్రచురిస్తుంది. మాడ్యూల్ అని పిలిచే పాఠ్యపుస్తకం, ప్రతి విడతకు ముందు వెలువడే రివిజన్ టెస్ట్ పేపర్, మాక్ టెస్ట్ పేపర్ సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా లభిస్తాయి. ఉచిత ప్రత్యక్ష ప్రసార తరగతులు కూడా ఉన్నాయి. శిక్షణ సంస్థలు అచ్చువేసే మెటీరియలు చాలావరకు వీటిని సంక్షిప్తం చేసి, బిట్లుగా విడగొట్టి ఇచ్చిందే. అందువల్ల కోచింగు ఫీజు, హాస్టలు ఖర్చు భరించలేని కుటుంబంలోని విద్యార్థికి ఈ పరీక్ష దారి పూర్తిగా మూసుకుపోలేదన్న సంగతి పల్లెటూరి జూనియర్ కళాశాలల్లో ఇంకా గట్టిగా చెప్పవలసి ఉంది.

రోజూ పరీక్ష పెట్టే గుంటూరు పద్ధతిని కేవలం బట్టీయమని కొట్టిపారేయడం సరికాదు. చదివినదాన్ని మళ్లీ చదవడం కన్నా, పుస్తకం మూసి తనను తాను పరీక్షించుకోవడం వల్ల వారం తరవాత ఎక్కువ గుర్తుంటుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో నిరూపించారు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, పాత బిట్ల జవాబులను కారణంతో కాక అక్షరంతో, అంటే ఈ ప్రశ్నకు జవాబు ‘సి’ అన్న రూపంలో, గుర్తుపెట్టుకున్నప్పుడు. ప్రశ్నలో ఒక్క మాట మారితే ఆ జ్ఞాపకమంతా వ్యర్థమవుతుంది.

ఒక బిట్టు నిర్మాణం

బహుళైచ్ఛిక ప్రశ్నలను విస్తృతంగా వాడుకలోకి తెచ్చినవాడిగా అమెరికాలోని కాన్సస్ రాష్ట్రానికి చెందిన ఫ్రెడరిక్ కెల్లీ పేరు చెబుతారు; ఆయన 1910ల మధ్యలో మౌన పఠన పరీక్షను ఈ పద్ధతిలో రూపొందించాడు. ఈ ప్రశ్నలో ప్రాణమంతా తప్పు జవాబుల్లోనే ఉంటుంది. మంచి ప్రశ్నకర్త తప్పు జవాబులను ఇష్టం వచ్చినట్టు రాయడు. విద్యార్థి ఏ మెట్టు దగ్గర కాలు జారే వీలుందో ఊహించి, ఆ జారిన కాలు సరిగ్గా ఎక్కడ పడుతుందో అక్కడ ఒక్కొక్క అంకె పెడతాడు.

ఉదాహరణకు, గుంటూరు వ్యాపారి ఒకరు ముంబయి ఏజెంటుకు 100 క్వింటాళ్ల మిర్చి పంపారనుకోవాలి. సరుకు ఖరీదు 14,00,000 రూపాయలు, లారీ కిరాయి 55,000 రూపాయలు. దారిలో తేమ ఆరిపోయి 3 క్వింటాళ్ల తూకం తగ్గింది. సంవత్సరాంతానికి 20 క్వింటాళ్లు అమ్ముడుపోకుండా మిగిలాయి. మిగిలిన సరుకు విలువ ఎంత అన్నది ప్రశ్న కాగా, ఇచ్చిన జవాబులు 2,47,350, 2,80,000, 2,91,000, 3,00,000 రూపాయలు.

తేమ ఆరడం వంటి తప్పించలేని నష్టాన్ని సాధారణ నష్టం అంటారు. దానికి ప్రత్యేకంగా విలువ కట్టరు. మొత్తం ఖర్చు మిగిలిన మంచి సరుకు మీదే పడుతుంది. కాబట్టి 14,55,000 రూపాయలను 97 క్వింటాళ్లకు పంచితే క్వింటాలు 15,000 అవుతుంది, మిగిలిన 20 క్వింటాళ్ల విలువ 3,00,000 అవుతుంది. కిరాయినీ, తగ్గిన తూకాన్నీ రెంటినీ మరిచినవాడికి 2,80,000 వస్తుంది. కిరాయి కలిపి తూకాన్ని మరిచినవాడికి 2,91,000 వస్తుంది. పోయిన మూడు క్వింటాళ్లను మిగిలిన ఇరవైలోంచి తీసేసినవాడికి 2,47,350 వస్తుంది. లెక్కలో ఏ పొరపాటు చేసినా దానికి తగిన అంకె జవాబుల్లో కనిపించడం వల్ల, తన లెక్క ఒప్పేనన్న భ్రమ విద్యార్థికి కలుగుతుంది.

ఇప్పుడు ప్రశ్నలో తేమకు బదులు లారీలో నిప్పంటుకుని ఆ మూడు క్వింటాళ్లు కాలిపోయాయని మారిస్తే, అది అసాధారణ నష్టం అవుతుంది. అలాంటి నష్టానికి కిరాయితో సహా విలువ కట్టి, 43,650 రూపాయలను వేరే ఖాతాకు తీస్తారు. క్వింటాలు 14,550 చొప్పున మిగిలిన సరుకు విలువ 2,91,000 అవుతుంది. ఇంతకుముందు తప్పైన జవాబే ఇప్పుడు ఒప్పు. మోడల్ పేపరు దిద్దుకునేటప్పుడు ఒప్పు జవాబు ఏదో చూసుకుని సరిపెట్టుకోకుండా, మిగిలిన మూడూ ఏ పొరపాటు వల్ల వచ్చాయో, ప్రశ్న ఎలా మారితే అవి ఒప్పవుతాయో తేల్చుకునే అలవాటే ఈ పరీక్షకు అసలైన సాధన. అలా దిద్దుకున్న యాభై బిట్లు కళ్లతో తిరగేసిన అయిదు వందల బిట్ల కన్నా విలువైనవి.

పావు మార్కు లెక్క

తప్పు జవాబుకు పావు మార్కు కోత ఉన్నప్పుడు, ఏమీ తెలియని ప్రశ్నకు ఊహించి జవాబు పెట్టవచ్చా అన్నది ప్రతి విడతలోనూ వినిపించే ప్రశ్న. సంభావ్యత ప్రకారం చూస్తే నాలుగింటిలో ఒకటి గుడ్డిగా గుర్తిస్తే ఒప్పయ్యే అవకాశం పావు, తప్పయ్యే అవకాశం ముప్పావు కాబట్టి, సగటు రాబడి ప్రశ్నకు 0.0625 మార్కు మాత్రమే. ఒక జవాబు కచ్చితంగా తప్పని తోసిపుచ్చగలిగితే అది దాదాపు 0.17కు, రెండింటిని తోసిపుచ్చగలిగితే 0.375కు పెరుగుతుంది. గుడ్డిగా పెట్టిన ఇరవై జవాబుల మీద సగటున వచ్చేది ఒకటింబావు మార్కు. అదృష్టం అటూ ఇటూ అయితే రెండు మూడు మార్కులు ఎక్కువో తక్కువో కావచ్చు. కాబట్టి ఒక్క జవాబునైనా కారణంతో తోసిపుచ్చగలిగిన ప్రశ్నను వదలకూడదు, అసలేమీ తోచని ప్రశ్న మీద సమయం వెచ్చించకూడదు.

అంచున ఉన్న విద్యార్థికి ఈ లెక్క ఎంత ముఖ్యమో ఒక్క ఉదాహరణ చాలు. మూడో పేపరులో 45 ఒప్పులు, 25 తప్పులు చేసినవాడికి 38.75 మార్కులు వచ్చి పేపరు పోతుంది. అదే విద్యార్థి ఆ తప్పుల్లో పదింటిని ఖాళీగా వదిలి ఉంటే 41.25 మార్కులతో గట్టెక్కేవాడు. ఈ కారణం చేత మాక్ పరీక్షల్లో మార్కులతో పాటు, ఖాయంగా తెలిసి పెట్టినవి, రెండింటి మధ్య ఊగిసలాడి పెట్టినవి, ఊహించి పెట్టినవి అని మూడు గుర్తులతో జవాబులను విడదీసుకుని, ఒక్కో రకంలో ఎన్ని ఒప్పయ్యాయో చూసుకోవాలి. ఖాయమనుకున్నవాటిలో తప్పులు ఎక్కువగా ఉన్న విద్యార్థికి చదువు లోపం ఒక చోట ఉంటే, ఊగిసలాడినవాటిలో ఒప్పులు ఎక్కువగా ఉండి కూడా వాటిని వదిలేస్తున్న విద్యార్థికి లోపం మరో చోట ఉంటుంది.

వడ్డీలు, ధరలు, చట్టాలు

గణిత భాగంలో పల్లె వ్యవహారానికి బాగా దగ్గరైనది వడ్డీల అధ్యాయం. ఈ ప్రాంతంలో వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుకుంటారు; నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ప్రోనోటుకు కాలదోషం పట్టకుండా మూడేళ్లు నిండేలోగా వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాయడం వాడుక. లక్ష రూపాయల అప్పు మూడేళ్లకు 1,72,000 అవుతుంది. తిరగరాసిన నోటు మీద మరో మూడేళ్లకు 2,95,840 అవుతుంది. ఆరేళ్లూ బారువడ్డీయే లెక్కకడితే అది 2,44,000 దగ్గరే ఆగేది. ఈ తేడా ఇంటి అనుభవంగా తెలిసిన విద్యార్థికి చక్రవడ్డీ సూత్రం వేరే బోధించనక్కర్లేదు. నెలనెలా వడ్డీ కలిపితే 24 శాతం కాస్తా వాస్తవంలో 26.82 శాతం ఎందుకవుతుందో కూడా అతను సులువుగా గ్రహిస్తాడు.

పరీక్షకు అనుమతించేది సాధారణ కాలిక్యులేటరును మాత్రమే. అందుకని దానితోనే ఘాతాలు, సంవర్గమానాలు రాబట్టే చిట్కాలు శిక్షణలో ముఖ్య భాగం. 1.02 కొట్టి గుణకారం మీట నొక్కి, సమానం మీటను పదకొండు సార్లు నొక్కితే పన్నెండో ఘాతం వస్తుంది. సంవర్గమానం కావాలంటే సంఖ్యకు వర్గమూలం మీటను పదమూడు సార్లు నొక్కి, ఒకటి తీసివేసి, 3558తో గుణిస్తారు. రెండుకు ఇలా చేస్తే 0.301 వస్తుంది. వర్గమూలం పదమూడు సార్లు తీయడమంటే సంఖ్యను 8192వ మూలానికి దించడమే కాబట్టి, అంత చిన్న తేడా దగ్గర సంవర్గమానం సరళరేఖలా ప్రవర్తిస్తుందన్న గణిత సత్యమే ఈ చిట్కాకు ఆధారం. కారణం చెప్పి నేర్పిన చిట్కాను విద్యార్థి మరచిపోడు.

అర్థశాస్త్రంలో గిరాకీ, సరఫరా, వ్యాకోచత్వం వంటి అధ్యాయాలకు మిర్చి యార్డు కన్నా మంచి ప్రయోగశాల ఉండదు. ఈ ఏడాది ధర పలికితే వచ్చే ఏడాది విస్తీర్ణం పెరగడం, పంట ముంచెత్తి ధర పడిపోవడం, దాంతో ఆ మరుసటి ఏడాది సాగు తగ్గడం అనే వరసను సాలెగూడు సిద్ధాంతం అంటారు. పత్తికి కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటిస్తుంది, మిర్చికి అలాంటిది లేదు. అందుకే ధర పడిపోయిన 2025 ఫిబ్రవరిలో మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలను ప్రాతిపదికగా నిర్ణయించవలసి వచ్చింది.

చట్టాల పేపరులో 1872 నాటి ఒప్పందాల చట్టం, 1930 నాటి సరుకుల విక్రయ చట్టం, 1932 నాటి భాగస్వామ్య చట్టం పాతకాలం నుంచీ ఉన్నవి. ప్రోనోటు, చెక్కులకు సంబంధించిన 1881 నాటి చట్టం ఇప్పటి పథకంలో ఉంది. మైనరు చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని 1903లో మొహొరీ బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. బలవంతం మీద చేయించిన ఒప్పందమైతే, బలవంతానికి గురైనవాడు కోరినప్పుడు మాత్రమే రద్దవుతుంది. ఈ రెంటికీ ఇంగ్లీషులో వాడే వాయిడ్, వాయిడబుల్ అనే మాటల మధ్య తేడా కొద్ది అక్షరాలే కావడం వల్ల, తొందరలో చదివిన విద్యార్థి మార్కు పోగొట్టుకుంటాడు.

భాష

ఈ పరీక్షకు సన్నద్ధతలో తెలుగు విద్యార్థికి ఎదురయ్యే అసలైన అడ్డంకి గణితం కాదు, భాష. ఐసీఏఐ పరీక్షను ఇంగ్లీషులోనో హిందీలోనో మాత్రమే రాయవచ్చు. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో తెలుగు మాధ్యమంలో సీఈసీ చదివిన విద్యార్థి తెలుగు అకాడమి పుస్తకాల్లో అంకణా, ఆస్తి అప్పుల పట్టీ, తరుగుదల వంటి మాటలతో విషయాన్ని చక్కగా నేర్చుకుని ఉంటాడు. తెలిసిన విషయమే తెలియని భాషలో ఎదురైనప్పుడు అతనికి ఒక్కో బిట్టు చదివి అర్థం చేసుకోవడానికే తోటివాడి కన్నా ఎక్కువ సమయం పడుతుంది. కిందివాటిలో సరికానిది ఏది, ఇవేవీ కావు, మొదటిదీ మూడోదీ మాత్రమే వంటి మెలికలతో కూడిన వాక్యాలు అతన్ని మరింత వెనక్కి లాగుతాయి.

గుంటూరు తరగతి గదుల్లో దీనికి కనిపెట్టిన ఉపాయం పాఠం తెలుగులో, పారిభాషిక పదం ఇంగ్లీషులో చెప్పడం. అర్థం తెలుగులో నాటుకుని, పదం పరీక్షకు సిద్ధంగా ఉంటుంది కనుక ఇది చాలావరకు పనిచేస్తుంది. మొదటి రెండు నెలలు ఒక్కో అధ్యాయానికి ఇంగ్లీషు పదాన్నీ తెలుగు పదాన్నీ పక్కపక్కన రాసిన పట్టిక తయారు చేసుకోవడం, మాడ్యూల్‌లోని వాక్యాలను పైకి చదవడం తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి బాగా ఉపకరిస్తాయి. అయినా హిందీ విద్యార్థికి దొరికిన సౌకర్యం తెలుగు విద్యార్థికి లేకపోవడం న్యాయం కాదు. లెక్క తెలిసినవాణ్ణి భాష కారణంగా వెనక్కి పంపే పరీక్ష తన పనిని సగమే చేస్తున్నట్టు లెక్క.

పరీక్ష రోజు

ఇప్పటి పథకంలో ఫౌండేషన్ పేపర్లు మధ్యాహ్నం రెండు గంటలకు మొదలవుతాయి. రాత పేపర్లకు మూడు గంటలు, వాటికి ముందు ప్రశ్నపత్రం చదువుకోవడానికి పదిహేను నిమిషాలు ఇస్తారు. బిట్ల పేపర్లకు రెండు గంటలే, ముందస్తు సమయం ఉండదు. వంద బిట్లకు నూట ఇరవై నిమిషాలంటే ఒక్కోదానికి 72 సెకన్లు. అర్థశాస్త్రంలో ఇది సరిపోగా మిగులుతుంది కానీ గణితంలో చాలదు. అందుకని గణితం పేపరును రెండు మూడు విడతలుగా చేయడం మేలు: చూడగానే దారి తెలిసినవి మొదటి విడతలో, దారి తెలిసి లెక్క పొడుగైనవి రెండో విడతలో, జవాబులను సమీకరణంలో పెట్టి చూసి తేల్చదగినవి చివర్లో. ప్రశ్నలను వదిలి ముందుకు వెళ్లే ఈ పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది. ఓఎంఆర్ పత్రంలో ఒక వరస తప్పితే ఆ తరవాతివన్నీ తప్పుతాయి. అయిదో పదో ప్రశ్నలకోసారి బుక్‌లెట్ మీది అంకెనూ పత్రం మీది అంకెనూ సరిచూసుకోవడం దీనికి విరుగుడు. బుక్‌లెట్ కోడ్ తప్పు నింపితే వేరే కోడ్ జవాబులతో దిద్దే ప్రమాదం ఉంటుంది కాబట్టి, మొదటి నిమిషాల్లో శ్రద్ధ పెట్టవలసింది అక్కడే.

వేసవి విడత సమయానికి ఈ ప్రాంతంలో ఎండలు ముదిరి ఉంటాయి, మిర్చి యార్డుకు కూడా వేసవి సెలవులు ఇస్తారు. మధ్యాహ్నపు పరీక్షకు అలవాటు పడేలా చివరి మూడు వారాల మాక్ పరీక్షలను అదే వేళకు రాయడం మంచిది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివే హాస్టలు పిల్లలకు మధ్యాహ్నం రెండు గంటలంటే కునుకు పట్టే వేళ.

సమీప పరీక్షలు

కోల్‌కతా కేంద్రంగా 1959 నాటి చట్టం కింద పనిచేసే కాస్ట్ అకౌంటెంట్ల సంస్థ నిర్వహించే సీఎంఏ ఫౌండేషన్ పరీక్షలో నాలుగు పేపర్లూ బిట్లతోనే ఉంటాయి, తప్పుకు కోత లేదు. అందువల్ల గుంటూరులో చాలామంది రెండు పరీక్షలకూ కలిపి నమోదు చేసుకుంటారు. కంపెనీ సెక్రటరీల సంస్థ 2020 నుంచి నిర్వహిస్తున్న ప్రవేశ పరీక్షలోనూ కోత లేదు. అమెరికా సీపీఏ పరీక్ష 2004 నుంచి కంప్యూటరు మీద జరుగుతోంది. 2020 నుంచి హైదరాబాదులో కూడా రాసే వీలు కలిగింది.

సీఏ ఫౌండేషన్ నమోదుకు ఇప్పటి పథకంలో నాలుగేళ్ల గడువు ఉంది, పరీక్ష ఏడాదికి మూడు సార్లు జరుగుతుంది. ఆ గడువులో గట్టెక్కనివారికి మరో దారి 2012 నుంచి తెరిచి ఉంది: కామర్స్ డిగ్రీలో 55 శాతం, ఇతర డిగ్రీల్లో 60 శాతం మార్కులు తెచ్చుకుంటే ఫౌండేషన్ లేకుండానే సీఏ ఇంటర్మీడియట్ దశకు నమోదు కావచ్చు. తెలుగు మాధ్యమంలో ఇంటర్మీడియట్ చదివి, డిగ్రీలో ఇంగ్లీషు అలవరచుకున్న విద్యార్థులకు ఈ దారి మరింత అనువైనది. ఎటునుంచి వచ్చినా ఆ దశలో ఆరు పేపర్లు ఉంటాయి. మార్కుల్లో 30 శాతం ఒక వ్యాపార సందర్భాన్ని వివరించి దాని మీద అడిగే బిట్లకే కేటాయించారు, వాటికి నెగెటివ్ మార్కులు లేవు.